ఈ ఏడు మా ఇంట దశైం లేదు

కాఫల్‌డాండా, ఓఖల్‌ఢుంగా
భదౌ నెలాఖరు

దిదీ,

"ఇక్కడ అందరం క్షేమం" అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. అబద్ధంతో మొదలైన ఉత్తరాన్ని నువ్వు చివరిదాకా చదవవు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. నా కడుపులో బిడ్డ పెరగడం ఆగిపోయింది.

సంతకి వెళ్ళిన రోజు చిన్న మరక కనిపించింది. నొప్పేమీ లేదు. హెల్త్‌పోస్టులో ఫూల్‌మాయా సిస్టర్ చూసి, బజారు పైనున్న క్లినిక్‌కి తనే నడిపించుకెళ్ళి, తెర మీద లోపలిది చూపించే మిషను కింద పడుకోబెట్టింది. దిదీ, ఆ తెర మీద ఏం కనిపించిందో తెలుసా? నల్లటి ఆకాశంలో ఒక చిక్కుడు గింజ. కదలదు. డాక్టరు చాలాసేపు వెతికాడు. "ఎనిమిది వారాల దగ్గరే ఆగింది. మీ లెక్క పదకొండు," అన్నాడు.

అంటే మూడు వారాలుగా నా ఒంటికి ఆ సంగతి తెలుసు. నాకు చెప్పలేదు. నేను గడ్డి మోపులు మోస్తూ, మలేషియాలో ఉన్న మా ఆయనకి పిల్ల పేర్లు చెబుతూ తిరిగాను. కోపం రావాలి కదా, పొయ్యి మీద పాలు పొంగినంత తేలిగ్గా కోపం వచ్చే మనిషిని! రాలేదు. నా లోపల, నాకు తెలియకుండా ఇంత పని మొదలై, ఇంత పని ఆగిందా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

మోపులు మోయడం వల్లేనా అని సిస్టర్‌ని అడిగాను.

"మోపులు మోస్తే పోయేదైతే ఈ కొండల్లో ఒక్క మనిషీ పుట్టి ఉండడు," అంది. "మొదటి నెలల్లో పోయేవి చాలావరకు గింజలోనే తేడా. నీ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు."

మూడు దారులు చెప్పింది. దానంతటది వచ్చేదాకా ఆగడం, జిల్లా ఆసుపత్రిలో తీయించుకోవడం, లేదా మాత్రలు. ఒక మాత్ర తన ఎదుట మింగాలి. రెండు రోజుల తర్వాత నాలుగు మాత్రలు ఇంట్లోనే బుగ్గలో పెట్టుకోవాలి. ఒళ్ళే మిగతాది చూసుకుంటుంది. అవసరమైతే తప్ప ఆసుపత్రిలో పడుకోనక్కరలేదు. "తొందరేం లేదు. ఆలోచించుకుని వచ్చే సంతకి రా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ఆ రోజు ఒంటరిగా ఉండకూడదు," అంది.

మాత్రలే అన్నాను. అయితే ఒంటరిగానే వేసుకుంటాను. మా అత్తగారి సంగతి నీకు తెలుసు. పెళ్ళయిన నెలలోనే, నేను బయట చేరిన రోజున, కావాలని వంటింట్లో నిలబడి స్త్రీ విముక్తి కరపత్రం గొంతెత్తి చదివాను. ఆవిడ నీళ్ళ బిందెలన్నీ పారబోసి, మళ్ళీ కొండ ధార దాకా వెళ్ళి మోసుకొచ్చింది. అప్పటినుంచీ మా మధ్య కాల్పుల విరమణే గానీ శాంతి లేదు. ఇప్పుడు రక్తం కనబడితే నన్ను వాకిట్లో అరుగు మీద పడుకోబెడుతుంది. ఈ చలిలో ఆ మందు వేసుకుని అరుగు మీద వణకాలా? నా వల్ల కాదు. మేడ మీది గదికి గడియ పెట్టుకుని నా పని నేను చూసుకుంటాను. దీని గురించి పుస్తకం చదివాను, భయం లేదు.

నీ తులసా


కాఠ్మాండూ
అసోజ్ మొదటి వారం

తులసా,

బస్సు కండక్టరు నీ ఉత్తరం ఇచ్చేసరికి కుట్టుమిషను ముందే ఉన్నాను. దశైం పండగ ముందు కదా, స్కూలు పిల్లల కొత్త బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. చదివి, సూదిలోకి దారం ఎక్కించలేక లేచిపోయాను. షావుకారు "ఎవరైనా పోయారా?" అన్నాడు.

బిడ్డ సంగతికి ఏడ్చాను. అది నీకు రాయక్కరలేదు. నువ్వు నా చేతుల్లో పెరిగిన పిల్లవి.

కానీ గడియ పెట్టుకుంటానన్నావే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. పుస్తకం చదివిందట! సిస్టర్ చెప్పిన మాటల్లో నీకు నచ్చినవి తీసుకుని, నచ్చనిది వదిలేశావు. ఊళ్ళో పండితులు చేసేదీ అదే కదమ్మా, వాళ్ళని తిట్టడానికి నీకు కరపత్రాలు ఎందుకు?

నీకు ఒకటి చెప్పాలి. చెప్పకుండానే బతికేద్దామనుకున్నాను.

అమ్మ జ్వరంతో పోలేదు. నువ్వప్పటికి సరిగా మాటలు రాని పిల్లవి, నేను నీ జడ వేసే వయసుదాన్ని. అమ్మకి నెల తప్పి మూడు నెలలు దాటాక రక్తం కనిపించింది. ముట్టు అన్నారు. గోశాలలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. రాత్రి "నీళ్ళు" అని వినిపించింది. నాయనమ్మ చెంబు తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చింది. ఆవిడా చెడ్డది కాదు తులసా. పెట్టి వచ్చి, తెల్లవార్లూ మంచం మీద అటూ ఇటూ పొర్లింది. కానీ ముట్టుకోకూడదు. తెల్లారి నేను వెళ్ళి చూశాను. చెంబు గుమ్మంలోనే ఉంది, నిండుగా.

ఇంతే. ఇంతకంటే రాయలేను.

మాత్రలు మంచివే. ఇక్కడ మా గల్లీలో ఒకావిడ అలాగే వేసుకుంది, మర్నాటికి లేచి అన్నం వండుకుంది. నా భయం మాత్రల గురించి కాదు, గడియ గురించి. మీ అత్తగారికి చెప్పు. తిడితే తిట్టించుకో. ఒక మనిషి గదిలో ఉండాలి. లేదంటే చెప్పు, సగం కుట్టిన బట్టలు షావుకారు మొహాన కొట్టి నేనే వస్తాను.

పబిత్రా దిదీ


కాఫల్‌డాండా
అసోజ్, దశైం కలశం పెట్టిన మూడోనాడు

దిదీ,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేనేమీ చదవలేదు. ఇన్నాళ్ళూ ఆచారాల మీద నేను గొంతు చించుకుంటుంటే నువ్వు మాట్లాడకుండా వినేదానివి. పిరికిదానివనుకున్నాను. ఆ గుమ్మం నీ కళ్ళ ముందు ఉందని నాకేం తెలుసు?

గడియ మాట మానేశాను. అత్తగారికి చెప్పాను. ఆవిడ మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. చెయ్యి ఆగలేదు. "సిస్టర్ ఏమంది? ఒక్క ముక్క వదలకుండా చెప్పు," అంది. చెప్పాను. "ఒంటరిగా ఉండకూడదంది" అనే మాట దగ్గర చెయ్యి ఆగింది. "మళ్ళీ చెప్పు." మళ్ళీ చెప్పాను. లేచి గేదె దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. ఒక ఓదార్పు లేదు, ఒక తిట్టు లేదు.

సంత రోజున నాతో పాటు కొండ దిగింది. హెల్త్‌పోస్టు బెంచీ మీద బిగుసుకుని కూర్చుని, సిస్టర్‌ని పోలీసులా ప్రశ్నలు వేసింది. ఎంత రక్తం పోవచ్చు? ఎంత పోతే ప్రమాదం? చలి పుడుతుందా? సిస్టర్ ఓపికగా చెప్పింది. ఒక గంటలో రెండు పెద్ద గుడ్డలు తడిసిపోయి, తర్వాతి గంటలోనూ అలాగే అయితే ఆగకుండా తీసుకురావాలి. జ్వరం మర్నాటికీ దిగకపోయినా, వాసన వచ్చినా తీసుకురావాలి. మొదటి మాత్ర అక్కడే మింగాను. నాకప్పుడు మా అత్తగారి మీద ప్రేమలాంటిది కూడా పుట్టింది, ఏం లాభం!

సాయంత్రం పండితుడు దశైం బొట్టుకి ముహూర్తం చెప్పడానికి వచ్చాడు. ఆయన వెంట మా మామగారి అన్న, ఈ వంశానికి పెద్ద. అత్తగారు వాళ్ళని వాకిట్లోనే ఆపేసి ఏమందో తెలుసా? "మా ఇంటికి ముహూర్తం అక్కరలేదు పండిత్‌జ్యూ. ఎల్లుండి మా కోడలు పురిటి మంచం ఎక్కుతుంది. పదకొండు రోజులు ఇంటికంతటికీ మైల."

పురుడు! బిడ్డ లేని పురుడు! దిదీ, నా చెవులు మండిపోయాయి. ముట్టు అయితే నాలుగు రోజులు అరుగు మీద. ఇది పదకొండు రోజుల జైలు! వంటింట్లో కరపత్రం చదివినందుకు వడ్డీతో సహా తీర్చుకుంటోంది. పెద్దాయన "మూడు వేళ్ళంత కూడా లేనిదానికి పురుడేంటి?" అని ఎగిరాడు. మొదటిసారి నాకు ఆయన మాటే సబబనిపించింది, చూడు నా గతి!

నేను ఉండను. రేపు మొదటి బస్సుకి వచ్చేస్తున్నాను. నాలుగు మాత్రలూ సంచిలోనే ఉన్నాయి. దారిలో ఏమీ కాదు, మాత్రలు నీ గదికి వచ్చాకే వేసుకుంటాను. నువ్వు పక్కన ఉంటావు, అంతకంటే ఏం కావాలి? ఈ ఉత్తరం ఇప్పుడే కిందికి దిగుతున్న పొరుగాయన చేతికిస్తున్నాను, రాత్రి బస్సుకి అందిస్తాడు. నాకంటే ముందే నీకు చేరుతుంది.

తులసా


కాఠ్మాండూ
అసోజ్, దశైం ఆరోనాడు, ఫూల్‌పాతీ ముందురోజు

తులసా,

ఎక్కడున్నావు?

మూడు రోజులుగా పాత బస్‌పార్కులోనే ఉన్నాను. ఊరంతా పండక్కి కొండలెక్కుతుంటే, కొండ దిగే బస్సు కోసం చూస్తున్నది నేనొక్కదాన్నే. మేకలు, మూటలు, పిల్లలు. ప్రతి ఓఖల్‌ఢుంగా బస్సులోకీ ఎక్కి చివరి సీటు దాకా చూశాను. ఒక కండక్టరు నవ్వాడు: "ఎవరికోసం దిదీ? పారిపోయిన మొగుడా?" "చెల్లెలు. ఒంట్లో బాగాలేదు," అన్నాను. నవ్వు ఆపేసి, తరవాత వచ్చిన ప్రతి బస్సునీ తనే ఎక్కి చూసి వచ్చాడు. ఏ సీటు మీదైనా మరక కనిపిస్తుందేమోనని నేను కింద నిలబడి, దిగేటప్పుడు అతని మొహమే చూశాను.

మీ ఊరి దుకాణానికి ఫోన్ చేస్తే మోగదు. టవర్ పడిపోయిందట.

నా గదికి రమ్మని నీకు ఎందుకు రాశానా అనుకుంటున్నాను. రాయలేదు కదా? నేనే వస్తానన్నాను. నువ్వు నీకు కావలసినట్టు చదువుకున్నావు. పన్నెండు గంటల కొండదారిలో, మింగిన మందు కడుపులో పెట్టుకుని! రెండో మందు వేసుకునేలోపే కొందరికి మొదలైపోతుందని ఆ గల్లీ ఆవిడ ఇప్పుడు చెప్పింది.

ఈ కాగితం అదే కండక్టరుకి ఇస్తున్నాను. ఇంట్లో ఉంటే ఒక్క ముక్క రాయి. "ఉన్నాను" అని రాయి. చాలు.

దిదీ


కాఫల్‌డాండా
అసోజ్, దశైం బొట్టు మర్నాడు

దిదీ,

ఉన్నాను.

ఆ మాట ముందు రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పండగ రోజుల్లో బస్సు ఆగిపోయి, నీ కండక్టరు ఇవాళే కొండెక్కి ఇంటికే వచ్చి ఉత్తరం ఇచ్చాడు. "ఈవిడేనా? మీ అక్క బస్సుల్ని ఆపేసేలా ఉంది," అన్నాడు. జవాబు కోసం బయట కూర్చున్నాడు. మా ఇంట్లో అంటు కదా అని నీళ్ళు కూడా తాగడం లేదు, అయినా కదలడు.

ఆ తెల్లవారుజామున సంచి పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అత్తగారు గేదె పాలు పితుకుతోంది. తల తిప్పకుండానే అడిగింది.

"ఎక్కడికి బువారీ? ఈ ఇంటి కోడలివి, బస్సులోనా పురుడు పోసుకుంటావు?"

నేను అరిచాను. జైలన్నాను, పగన్నాను, చీకటి యుగమన్నాను. ఉన్న మాటలన్నీ వాడేశాను. ఆవిడ పాలచెంబు పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అయిందా? ఇప్పుడు విను. నీ సిస్టర్ ఒంటరిగా ఉంచొద్దంది. ముట్టు అంటే నిన్ను నేను ముట్టుకోకూడదు, అరుగు మీద నువ్వొక్కదానివే ఉండాలి. పండిత్‌జ్యూ పుస్తకం ప్రకారమైతే మోసిన నెలకొక రాత్రి చొప్పున మైల, అదీ నీకొక్కదానికే. అప్పుడూ నువ్వొక్కదానివే. పురుడంటే నిప్పు పక్కన పడక, పక్కన మనిషి, నెయ్యి, వాము చారు, ఒంటికి నూనె. ఇంటికంతటికీ మైల పడితే ఇంక ఎవరు ఎవర్ని ముట్టుకుంటే ఏముంది? అందరం ఒకటే. నాకు తెలిసిన నియమాలన్నీ వెతికాను. నిన్ను ఒంటరిగా వదలనిది ఇదొక్కటే దొరికింది. నీ కాగితాల్లో ఇంకేదైనా ఉంటే చెప్పు, అదే చేద్దాం."

నా కాగితాల్లో లేదు దిదీ. నియమాలు తెంచమని ఉంది. తెంచితే ఎవరు పక్కన కూర్చుంటారో లేదు.

దాని ఖరీదు నాకు అప్పుడు తట్టింది. బొట్టు లేని దశైం. ఏడాదంతా ఈవిడ ఆ ఒక్క రోజు కోసం బతుకుతుంది. పెళ్ళయిన ఆడబిడ్డలు, మనవలు కొండలు దాటి ఈవిడ చేతి ఎర్ర అక్షతలు నుదుట పెట్టించుకోవడానికే వస్తారు. అందరికీ రావద్దని కబురు పెట్టేసింది. ఆ సాయంత్రం నేను గదిలోకి విసురుగా వెళ్ళిపోయాక పండితుడికి ఏం చెప్పిందో పక్కింటావిడ చెప్పింది. "శాస్త్రం అలా లేదమ్మా," అన్నాడట. "ఆ శాస్త్రం రాసినాయన ఎప్పుడైనా నెల తప్పాడా పండిత్‌జ్యూ?" అందట. మా పెద్దాయన పొలమారి చాలాసేపు దగ్గాడట.

నేను సంచి లోపల పెట్టాను. రావడం లేదని నీకు కబురు పంపుదామంటే ఫోన్ టవర్ పడిపోయింది, కిందికి దిగేవాళ్ళెవరూ దొరకలేదు.

మర్నాడు, అన్నం తిన్నాక, పొయ్యి పక్కన గడ్డి పరుపు మీద కూర్చుని నాలుగు మాత్రలు బుగ్గల్లో పెట్టుకున్నాను. సుద్దముక్కలా ఉన్నాయి. అత్తగారు ఎదురుగా బాసింపట్టు వేసుకుని నా మొహాన్నే చూస్తోంది, సూర్యుడు అక్కడే పొడుస్తాడన్నట్టు. ఆవిడకి గడియారం చదవడం రాదు. రేడియో పక్కన పెట్టుకుంది. గంట గంటకీ వార్తలు వస్తాయి కదా. ఒక వార్తలకీ మరో వార్తలకీ మధ్య రెండు గుడ్డలు తడుస్తాయా లేదా అని చూడాలి. వాకిట్లో బరువులు మోసే భీమ్‌బహదూర్‌ని కూర్చోబెట్టింది, అవసరమైతే నన్ను వీపున కట్టుకుని కొండ దిగడానికి. అతను బీడీ కాలుస్తూ మంత్రుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు.

ముందు చలి వచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. "ఇది మందు చలి, సిస్టర్ చెప్పింది," అని ఆవిడే నాకు చెప్పి, వేడి ఇటుక గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టింది. తర్వాత నొప్పి. ఎవరో లోపలినుంచి గుడ్డ పిండుతున్నట్టు, వదిలి, మళ్ళీ పిండుతున్నట్టు. నొప్పి బిళ్ళ ఇచ్చారు, వేసుకున్నాను. అయినా అరిచాను. ఆవిడ నా వెనక చేరి, నా వీపు తన రొమ్ముకి ఆనించుకుని, నడుము మీద ఆవనూనె రాస్తూ ఉంది. రక్తం ఆవిడ చీరకంటింది. బిందెలు పారబోసిన ఆ మనిషే, దిదీ. కిందికి చూడనైనా లేదు.

రేడియోలో వార్తలు వచ్చాయి. ఒక గుడ్డే. మళ్ళీ వార్తలు. ఒకటిన్నర. "బాగుంది, బాగుంది," అంటోంది, ఏదో పంట చూసినట్టు.

ఆ తరవాత ఒక బరువు జారింది. నొప్పి ఎవరో దీపం తగ్గించినట్టు తగ్గిపోయింది. అత్తగారు ఆకు దొన్నెలోకి తీసుకుంది. పొయ్యి వెలుగులోకి పట్టి చాలాసేపు చూసింది. "చూస్తావా?" అంది. వద్దంటే మూసేసేది. చూస్తానన్నాను.

ఏం రాయను? నా పుస్తకంలో దాన్ని కణజాలం అన్నారు. ఆ మాటతో నాకు తగాదా లేదు. కానీ నేను చూసింది బొటనవేలంత సంచి, పలచటి పొర, లోపల వెలుగు దూరుతోంది. నా ఒంటికి ఎవరూ నేర్పకుండా ఇది అల్లడం తెలిసింది. ఆగిందని తెలిసింది. ఒక చిన్న మందు "ఇక వదులు" అని చెబితే వదలడమూ తెలిసింది. నేను ప్రపంచాన్ని మార్చేస్తానని తిరిగే మనిషిని, నాకు ఇందులో ఒక్క పనీ రాదు. దండం పెట్టాలనిపించింది. దేనికో తెలియలేదు. పెట్టాను.

అత్తగారు తన పాత చీర చెంగు చింపి చుట్టింది. తెల్లారాక ఇంటి వెనక నారింజ చెట్టు పాదులో లోతుగా పెట్టి వచ్చింది. వచ్చి నాకు వాము చారు పోసింది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు. "తాగుతూ ఏడు," అంది.

నిన్న ఊరంతా ఎర్రటి నుదుళ్ళు. ఉయ్యాల దగ్గర పిల్లల కేకలు. మా ఇంటికి ఎవరూ రాలేదు. సాయంత్రం మా పెద్దాయన భార్య గోడ అవతల నిలబడి, పురిటింటికి ఇచ్చినట్టు నేతి గిన్నె గోడ మీద పెట్టింది. "నాకూ రెండు పోయాయి బువారీ. రెండూ అరుగు మీదే," అంది. అత్తగారు తలెత్తి, "అప్పుడు నాకెందుకు చెప్పలేదు అక్కా?" అంది. ఆవిడ "చెబితే నువ్వేం చేసేదానివి?" అంది. అత్తగారు లేచి వెళ్ళి ఆ గిన్నెని రెండు చేతులతో అందుకుంది.

టవర్ బాగయ్యి ఫోన్ కలవగానే మా ఆయన ఏడ్చాడు. నాకదే నచ్చింది. రక్తం ఇప్పుడు మామూలు ముట్టంత. జ్వరం లేదు. వచ్చే వారం సిస్టర్ చూస్తుంది.

మైల గురించి నా అభిప్రాయం మారలేదు దిదీ. అది పోవాలి, నేను పోరాడతాను. కానీ పోరాడబోయే రోజు పక్కన ఎవర్ని కూర్చోబెట్టుకోవాలో ఇప్పుడు తెలిసింది.

తులసా


కాఠ్మాండూ
అసోజ్ నెలాఖరు

తులసా,

"ఉన్నాను" అన్న చోటే ఆగి, మిగతాది మర్నాడు చదివాను. ఒకేసారి చదవడానికి ధైర్యం చాలలేదు.

చదివాక మీ అత్తగారి మీద కోపం వచ్చింది, నమ్ముతావా? కోపం నీ ఒక్కదాని సొత్తు అనుకోకు. ఇంత తేలికా అనిపించింది. అరుగుకి బదులు పొయ్యి పక్క, ముట్టుకి బదులు పురుడు. అదే ఊళ్ళు, అదే పండితులు, అదే నియమాలు. మన ఇంట్లోనూ ఆ నియమం ఉండేది కదా. నాయనమ్మ తెల్లవార్లూ పొర్లింది గానీ, వెతకలేదు. వెతకొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

తర్వాత కోపం పోయింది. ఒక ముసలావిడ, చదువు రాని మనిషి, దశైం మొత్తం ఎత్తి పొయ్యిలో పెట్టి నిన్ను వెచ్చబెట్టింది. కుట్టుమిషను ముందు కూర్చుని దాన్నే తలుచుకుంటున్నాను. పక్క మిషను పిల్ల "దిదీ, ఏం చూస్తున్నావు గాల్లోకి?" అంటోంది.

సిస్టర్ అంతా శుభ్రంగా అయిపోయిందని చెప్పిందని ఆ తర్వాతి చీటీలో రాశావు. బాగుంది. ఇంకో నెల బరువులు ఎత్తకు. ఎత్తినా నష్టం లేదని ఆవిడ అంటుంది, నాకోసం ఎత్తకు.

ఎల్లుండి బస్సెక్కుతున్నాను. షావుకారు సెలవివ్వలేదు, నేను అడగలేదు. మీ అత్తగారితో చెప్పు, చెల్లెలి అత్తవారింటికి వస్తే చేసే మర్యాదలేవీ వద్దు. ఆవిడ పక్కన పొయ్యి దగ్గర కూర్చుంటే చాలు. అమ్మ సంగతి చెప్పాలి. నీకు రాసింది సగమే. మిగతాది ఇంతవరకూ నోటితో ఎవరికీ చెప్పలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆవిడ అడుగుతుందిలే. ఒక్క ముక్క వదలకుండా.

పబిత్రా దిదీ